ప్రహ్లాదుడి కథలో హిరణ్యకశిపుడి దుఃఖానికి చోటుండాలా?

ఋషికుల్య (బరంపురం):
ఒడియా బడులకు వెళ్లే మన తెలుగు పిల్లలకు ఆదివారం పూట తెలుగు నేర్పుతున్నాము. ఈసారి వారిచేత ఆడించడానికి ప్రహ్లాదుడి కథను అరగంట నాటికగా రాశాను. వరాహమూర్తి చేతిలో సోదరుడు హిరణ్యాక్షుడు మరణించాడని విని హిరణ్యకశిపుడు దుఃఖించడం మొదటి రంగం. రాక్షసుడి మీద పిల్లలకు జాలి పుట్టించడం దేనికని పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. చెడ్డవాడికీ ఒక మనసుంటుందని పిల్లలు తెలుసుకోవలసిందేనని మరికొందరు అన్నారు. పిల్లలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లవారు. ఆ రంగం ఉంచమంటారా, తీసెయ్యమంటారా?

విశ్రాంత పంతులు (పర్లాకిమిడి):
తీసెయ్యడమే మేలమ్మా. ఈ కథలోని దుష్టుడు పొరుగుదేశపు రాజూ కాడు, అడవిలోని పులీ కాదు. కన్నతండ్రి. కొడుకును ఏనుగులచేత తొక్కించబోయి, పాములచేత కరిపించి, విషం పెట్టించి, కొండమీదినుంచి తోయించినవాడు. తరగతిలో ఇంట్లో తండ్రి చేత దెబ్బలు తినే పిల్లవాడు ఒకడైనా ఉంటాడని పాఠం చెప్పిన ప్రతివారికీ తెలుసు. వాడి ఎదుట మనం ‘పాపం, ఆయన బాధ ఆయనది’ అన్నట్టు నాటకమాడితే, వాడి చెవికి అది ఓర్చుకోమన్న మాటగానే వినిపిస్తుంది. ఈ మధ్య ప్రతి దుష్టపాత్రకూ ఒక చేదు గతం తగిలించి కథను తిరగరాయడం పరిపాటి అయిపోయింది. పెద్దలు తమలో తాము చదువుకోవడానికి అలా రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

పాత చందమామ (జయపురం):
పంతులుగారూ, దెబ్బలు తినే పిల్లవాడి ప్రస్తావన తెచ్చినందుకు మీకు నమస్కారం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే ఆ దుఃఖం ఋషికుల్యగారు తగిలించినది కాదు. అది భాగవతం సప్తమ స్కంధంలోనే ఉంది, పోతనగారు దాన్ని తెలుగులో చెప్పారు. అక్కడి వరుస గమనించండి. సోదరుడి మరణవార్త విని హిరణ్యకశిపుడు మొదట మండిపడి, తపస్సులూ యజ్ఞాలూ చేసుకునేవారిని సంహరించి రమ్మని దానవులను పంపుతాడు. వాళ్లు ఊళ్లు తగలబెడతారు. ఆ తరువాత ఆ మనిషే తల్లి దితినీ, సోదరుడి భార్యాబిడ్డలనూ దగ్గర కూర్చోబెట్టుకుని ఒక కథ చెబుతాడు. సుయజ్ఞుడనే రాజు యుద్ధంలో కూలిపోతే, శవం చుట్టూ చేరి విలపిస్తున్న బంధువుల వద్దకు యముడు బాలుడి రూపంలో వచ్చి, పోయినవారి కోసం శోకించడం ఎంత వ్యర్థమో బోధించిన కథ అది. ఏ వేదాంతి నోటనైనా వినదగిన మాటలవి. సొంత ఇంటి చావు ముందు అంత వివేకం చూపినవాడికి, తాను తగలబెట్టించిన ఊళ్లలోనూ తల్లులుంటారన్న ఊహ రాలేదు. కొడుకును కొండమీదినుంచి తోయించినప్పటికంటే ఇక్కడే అతడు నాకు ఎక్కువ భయంకరంగా కనిపిస్తాడు. కన్నీళ్లను చూపించి ఆజ్ఞను దాచిపెడితే మీరన్న ప్రమాదం నిజమే. రెండింటినీ ఒకే రంగంలో చూపించినప్పుడు, ఏడ్చేవాడు కూడా దుర్మార్గం చేయగలడని పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

దుష్టుణ్ణి గురించిన ఈ బెంగ కొత్తదేమీ కాదు. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రభేదం గుర్తుచేసుకోండి. సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చుపెట్టి, ఎద్దును చంపించిన దమనకుడనే నక్కకు ఏ శిక్షా పడదు. పంచతంత్రంలోని ఈ కథను 8వ శతాబ్దంలో అరబ్బీలోకి తెచ్చిన ఇబ్న్ అల్ ముకఫ్ఫాకు ఈ ముగింపు మింగుడుపడలేదు కాబోలు, ఆ నక్కను విచారించి చంపించే అధ్యాయాన్ని అదనంగా చేర్చాడు. మనవాళ్లు మాత్రం శిక్ష పడని దమనకుణ్ణే తరతరాలుగా చదివారు, అందువల్ల అందరూ నక్కలైపోలేదు. (కొందరు అయ్యారేమో, ఆ నేరం సూరిగారిది కాదు.)

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
మా గడ్చిరోలి జిల్లాలో గోండుల్లో రావణుణ్ణి పూజించేవారున్నారు. తెలుగు పిల్లవాడు, గోండు పిల్లవాడు ఒకే బల్లమీద కూర్చునే చోట దసరా కథ చెప్పేటప్పుడు ప్రతి మాటా ఆచితూచి వాడవలసి ఉంటుంది. మరొక సంగతి. దుష్టుల మనసు గురించి ఇంతగా ఆలోచిస్తున్న మనం దేవతల పక్షం తప్పులను ఎందుకు వదిలేస్తున్నాము? హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లినప్పుడు గర్భవతి అయిన అతని భార్యను ఇంద్రుడు చెరపట్టి తీసుకుపోతుంటే నారదుడు అడ్డుపడి విడిపించాడు. ప్రహ్లాదుడికి పుట్టకముందే ప్రాణగండం తెచ్చిపెట్టినవాడు ఇంద్రుడే.

ఋషికుల్య (బరంపురం):
ఇంద్రుణ్ణి అరగంటలో ఇమడ్చలేనండీ. గంజాం పల్లెల్లో రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకాన్ని మా పిల్లల్లో చాలామంది చూశారు. నేటి శ్రీకాకుళం జిల్లాలోని జలంత్రను ఏలిన రామకృష్ణ ఛోట్రాయ్ పేర ప్రసిద్ధమైన ఆ నాటకంలో ప్రధాన పాత్ర హిరణ్యకశిపుడిదే. ఎత్తైన మెట్ల వేదిక మీద ఎక్కుతూ దిగుతూ అతడు ఆడుతుంటే పిల్లల చూపు పక్కకు పోదు. నాటికకు వేషాలు పంచేటప్పుడు అందరూ హిరణ్యకశిపుడే కావాలని కొట్లాడుకున్నారు. ప్రహ్లాదుడి వేషానికి ఒక్కరూ చెయ్యెత్తలేదు. ఆ ఆకర్షణ ఎలాగూ ఉంది కాబట్టి రంగం తీసేసినంత మాత్రాన పోదు. పాత చందమామగారు చెప్పిన వరుసలోనే తిరగరాస్తాను: ముందు ఆజ్ఞ, తరువాత మంటలు, ఆ మంటల వెలుగులోనే తల్లికి ఓదార్పు.

అయితే పంతులుగారూ, మీ మాట విన్న తరువాత నాకు చివరి రంగం గురించే బెంగగా ఉంది. తండ్రిని పవిత్రుణ్ణి చేయమని ప్రహ్లాదుడు నరసింహస్వామిని వేడుకుంటాడు, ఇరవై ఒక్క తరాలు పవిత్రమయ్యాయని స్వామి వరమిస్తాడు. దెబ్బలు తినే పిల్లవాడికి ఇది ఎలా వినిపిస్తుంది?

విశ్రాంత పంతులు (పర్లాకిమిడి):
మొదటి రంగం మీరు చెప్పిన వరుసలో ఉంటే నాకు అభ్యంతరం లేదమ్మా. చివరిది కూడా ఉంచండి. తండ్రి బతికున్నంతకాలం ప్రహ్లాదుడు ఆయన మాటకు తల ఒగ్గలేదు. గురువుల దగ్గర వల్లించమన్నది వల్లించినా మనసులో ఒప్పుకోలేదు, సభలో నిలదీసినప్పుడు తన మాట మార్చుకోలేదు. ఆయన చేతికి అందనంత దూరం పోయిన తరువాతనే ఆయన కోసం అడిగాడు. కాబట్టి హిరణ్యకశిపుడి వేషం వేసిన పిల్లవాడు తెర వెనక్కి వెళ్లిపోయేదాకా ఆగి, ఆ తరువాతే ప్రహ్లాదుడిచేత వరం అడిగించండి.