మంచూ కంకరా రెండూ ఉన్న దారికి ఒకే సెట్ ఏటీ (ఆల్ టెరైన్, అన్ని రకాల దారులకీ చేసిన) టైర్లు సరిపోతాయా?

కంకరబాట:
ఐదు సీట్ల క్రాస్‌ఓవర్, ఆల్ వీల్ డ్రైవ్. కంపెనీ ఇచ్చిన సైజు 225/65 ఆర్17, 102 హెచ్. నాలుగు నెలలు మంచు. రోజూ పది కిలోమీటర్లు కంకర రోడ్డు, తక్కినదంతా తారు. ఏడాదంతా ఒకే సెట్‌తో నెట్టుకురావచ్చా? షాపులో 235/65 ఆర్17 ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు వేయించుకోమంటున్నారు, గట్టివట. వెనక పిల్లలు కూర్చుంటారు కాబట్టి మోత, కుదుపు కూడా చూసుకోవాలి.

నాలుగుచక్రాలు:
ఎల్‌టీ వద్దండి. అవి బరువులు మోసే పికప్‌ల కోసం చేసినవి. అంతే బరువు మోయడానికి కారు టైరు కన్నా వాటికి ఎక్కువ గాలి కావాలి, అంటే డోర్ దగ్గరి స్టిక్కర్ మీద రాసిన గాలి ఒత్తిడి (పీఎస్ఐ) ఇక లెక్కకు రాదు. కుదుపు, డీజిల్ ఖర్చు అదనం. కారు టైరు కొలతల్లోనే ఏటీలు దొరుకుతాయి, లోడ్ నంబర్ 102 కి తగ్గకుండా చూసుకోండి. 102 అంటే ఒక్కో టైరుకి 850 కిలోలు.

మంచుకి చూడాల్సింది సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు నక్షత్రం ఉన్న బొమ్మ. ‘ఎం ప్లస్ ఎస్’ (బురద, మంచు) అన్న అక్షరాలను నమ్ముకోకండి. అది ట్రెడ్ (నేలకి ఆనే గాళ్ల రబ్బరు) ఆకారాన్ని బట్టి తయారీదారే వేసుకునే ముద్ర. కొండ బొమ్మ రావాలంటే మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గాలి.

ఇంకోటి, ట్రెడ్‌లో పెద్ద రబ్బరు దిమ్మెలు, వాటి మధ్య వెడల్పాటి గాడులు చూసి ముచ్చటపడొద్దు. అవి బురదకి. తొక్కుడుపడిన మంచు మీద పట్టేవి దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నటి గాట్లు, అంటే సైప్స్. బొటనవేలితో దిమ్మె అంచుని పక్కకి నొక్కండి, గాటు నోరు తెరవాలి. దిమ్మె రాయిలా కదలకపోతే చలిలో అది ఇంకా బిగుసుకుంటుంది.

స్ట్రట్‌సందు:
సైజు గురించి. 235 కి మారితే వ్యాసం 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే 1.8 శాతం. మీటర్ 100 చూపిస్తే బండి 102 దగ్గర పోతుంది, అదేం పెద్ద విషయం కాదు. చిక్కంతా టైరుకీ స్ట్రట్‌కీ (చక్రం లోపలివైపు కుదుపుని ఆపే స్ప్రింగ్ గొట్టం) మధ్య సందులో. మంచులో టైర్లకి గొలుసులు వేయాల్సి వస్తే ఆ సందే ముఖ్యం, వీల్ ఆర్చ్‌లో మంచు గడ్డకట్టినప్పుడూ అంతే. 225 లోనే ఉండండి.

కంకర మీద టైరు రెండు రకాలుగా పోతుంది. గాడిలో ఇరుక్కున్న రాయి తిరిగే కొద్దీ లోపలికి తొలుచుకుపోతుంది. గాడి అడుగున చిన్న రబ్బరు బుడిపెలు ఉంటే రాయిని నెట్టేస్తాయి. రెండోది సైడ్‌వాల్ కోత, దానికి ప్యాచ్ వేయరు, టైరు మార్చాల్సిందే. పొడవాటి కంకర దారిలో నెమ్మదిగా పోయేటప్పుడు 33 పీఎస్ఐని 28 కి దించితే రాయి గుచ్చుకోకుండా రబ్బరు ఒదుగుతుంది, కానీ తారు ఎక్కేముందు మళ్ళీ నింపకపోతే టైరు వేడెక్కుతుంది. పది కిలోమీటర్లకి ఆ తంటా ఎందుకు, వేగం తగ్గిస్తే చాలు.

కంకరబాట:
థాంక్సండీ. పొద్దున్నే వంతెన మీద నీళ్లు గాజులా గడ్డకట్టి ఉంటాయి. కొండ బొమ్మ ఉన్న ఏటీ దానికి చాలుతుందా?

నాలుగుచక్రాలు:
చాలదు. ఆ పరీక్ష మంచు మీది పట్టునే చూస్తుంది, ఐస్ మీద బ్రేక్ గురించి ఏమీ చెప్పదు. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది గానీ ఆపదు. రోజూ ఐస్ ఉంటే చలికాలానికి వేరే రిమ్ములమీద అసలైన వింటర్ టైర్లు నాలుగూ వేయండి, ఏటీలు మిగతా కాలానికి. రెండు సెట్లూ వంతులవారీగా అరుగుతాయి కాబట్టి ఖర్చు అనుకున్నంత పెరగదు.

స్ట్రట్‌సందు:
ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి ఒక టైరే కొత్తది వేస్తే చుట్టుకొలత తేడాకి, ముందు వెనక చక్రాలకి శక్తి పంచే మధ్యలోని కప్లింగ్ వేడెక్కుతుంది. ట్రెడ్ తేడా 2 మిల్లీమీటర్లు దాటనివ్వకండి, 8,000 కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చండి. ట్రెడ్ 4 మిల్లీమీటర్లకి దిగితే మంచులో ఆ టైరు పనైపోయినట్టే. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడితే గాలి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, 25 డిగ్రీల్లో నింపింది మైనస్ 5 లో 5 పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. బండి కదలకముందే కొలవండి, స్టెప్నీ కూడా.