నాగావళి పంచలింగాలు కాలినడకన: ఎవరైనా వెళ్లారా?

ఆమదాలవలస_కుర్రోడు
ఈ కార్తీకంలో నేనూ మా బావా నాగావళి వెంబడి నడుద్దామనుకుంటున్నాం. బలరాముడు ప్రతిష్ఠించాడని చెప్పే ఐదు శివాలయాలూ చూడాలి: పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి. గైడు, ప్యాకేజీ ఏమీ వద్దు. భుజాన సంచులు, అంతే. రాత్రుళ్లు ఎక్కడ ఆగాలి? దారి ఎలా ఉంటుంది?

ఏటిగట్టు
తమ్ముడూ, ముందు పై భాగం సంగతి తేల్చుకో. పాయకపాడు ఒడిశాలో, రాయగడ దగ్గర. అక్కణ్ణించి గుంప దాకా నడక వద్దు. కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస వైపు అడవి ఏనుగులు తిరుగుతున్నాయి. పంటల మీద పడుతున్నాయి, మనుషుల ప్రాణాలూ పోయాయి. చల్లగా ఉంటుందని మనం చీకటితోనే బయల్దేరతాం కదా, సరిగ్గా ఆ వేళే ప్రమాదం. రాయగడ నుంచి పార్వతీపురం రైల్లో వచ్చేయండి. గుంప పట్టపగలు చూసుకుని, సంగాం నుంచి నడవండి.

శివయ్య_బంటు
మొక్కుకున్నాక మధ్యలో బండెక్కితే ఏం ఫలం? మా తాతల కాలంలో మొత్తం నడిచేవారట.

ఏటిగట్టు
కురుక్షేత్రంలో ఏ పక్షమూ పట్టకుండా తీర్థయాత్రకి బయల్దేరిన బలరాముడు నాగలితో ఈ ఏటిని రప్పించాడని కదండీ కథ. ఏనుగు ఎదురైతే ఆయన చేతిలో నాగలి ఉంది, మన చేతిలో సెల్‌ఫోను.

సంతకవిటి_అక్క
సంగాం నుంచి కళ్లేపల్లి దాకా మేం నడిచాం, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సంగాం దగ్గర నాగావళిలో సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. శివరాత్రికైతే కాలు పెట్టే చోటుండదు, కార్తీక సోమవారాలూ రద్దీయే. మంగళవారం బయల్దేరండి, పూజారి గారు కూడా తీరిగ్గా మాట్లాడతారు. పాత వ్యాసాల్లో సంగాం శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. 2022లో వంగర మండలం విజయనగరంలో కలిసింది, గుంప మన్యం జిల్లాకి పోయింది. పోలీసు సాయమో ఇంకోటో కావాలంటే ఇది తెలిసుండాలి.

దిగువకి కుడిగట్టున సంతకవిటి వైపు ఊళ్లు, ఎడమగట్టున బూర్జ, ఆమదాలవలస. ఫోను మ్యాపులో గట్టు బాట గీతలా కనిపిస్తుంది, తీరా వెళ్తే వరిచేను. అక్కడ పంతానికి పోకుండా రోడ్డెక్కి, తర్వాతి ఊళ్లో మళ్లీ ఏటికి దిగడం మేలు. పాలకొండ నుంచి శ్రీకాకుళం రోడ్డున సుమారు 40 కిలోమీటర్లు. గట్టు వంకరలు పట్టుకుంటే అంతకన్నా ఎక్కువే.

ఏటి ఇసుకలో మాత్రం పడుకోవద్దు. మన దగ్గర ఆకాశం నిర్మలంగా ఉన్నా ఒడిశాలో వాన పడితే నీరు పెరిగిపోతుంది. పైగా కార్తీకమంటే తుపాన్ల కాలం, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీని మనం మర్చిపోలేం. నీళ్లు తగ్గినప్పుడు కూడా ఇసుక తవ్విన గోతులుంటాయి. స్నానానికి ఊరివాళ్లు దిగే రేవులోనే దిగండి.

పాలకొండ, ఆమదాలవలస, శ్రీకాకుళంలో లాడ్జీలున్నాయి. మధ్యలో అయితే గుడి మండపమో బడి వరండానో, ముందు పెద్దవాళ్లని అడిగితే కాదనరు. ఒక లాడ్జీవాడు మాత్రం మా మట్టి కాళ్లు చూసి గదుల్లేవన్నాడు. వాడి ఎదురుగానే తాళాలు వేలాడుతున్నాయి!

చోడి_అంబలి
అక్కా, ఆడవాళ్లకి బాత్రూమ్ సంగతి?

సంతకవిటి_అక్క
అదే అసలు టెన్షన్. పెట్రోలు బంకులు, ఆర్టీసీ బస్టాండ్లు, మిగతాచోట ఊళ్లో ఆడవాళ్లని అడగడమే. ఎవరూ పొమ్మనలేదు, కాకపోతే టీ తాగకుండా కదలనివ్వరు. బూట్లు కొత్తవి వద్దు. ఇసుక దిగిన బూటుతో తారురోడ్డు నడిస్తే బొబ్బలే. గుళ్ల దగ్గరికి వేరే చెప్పులు ఉంచుకోండి.

శివయ్య_బంటు
శ్రీకాకుళంలో గుడివీధి ఉమారుద్ర కోటేశ్వరుణ్ణి చూశాక అరసవల్లి, శ్రీకూర్మం కూడా కలుపుకోండి.

ఏటిగట్టు
అరసవల్లి సరే, ఊళ్లోనే ఉంది. శ్రీకూర్మం ఇంకో వైపు, దానికి వేరే రోజు పెట్టుకుంటే మంచిది. కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడి దర్శనం చేసుకుని, ఏరు సముద్రంలో కలిసేచోట కాసేపైనా కూర్చోవాలి కదా.

ఆమదాలవలస_కుర్రోడు
సరే, సంగాం నుంచే నడుస్తాం. బావ ఒప్పుకున్నాడు, ఆయనకి ఏనుగుల మాట చాలు. పార్వతీపురం నుంచి గుంపకి ఆటో దొరుకుతుందా?

చోడి_అంబలి
దొరుకుతుంది. రానూపోనూ కలిపి మాట్లాడుకోండి, అక్కడ వదిలేసి వచ్చేస్తే తిరుగు బండికి సాయంత్రం అయిపోతుంది.