వీఆర్‌లో ప్రెజెంటేషన్: క్వెస్ట్ 3 తగిలించుకుని 25 నిమిషాలు మాట్లాడాలి, ఏమేం చూసుకోవాలి?

మారతహళ్ళి_మేడ

వచ్చే నెల మా టీమ్‌కి వీఆర్‌లో, అంటే కళ్ళకి హెడ్‌సెట్ తగిలించుకుంటే చుట్టూ కనిపించే కంప్యూటర్ హాలులో, 25 నిమిషాల ప్రెజెంటేషన్ ఇవ్వాలి. వినేవాళ్ళు 30 మంది. అందులో పది మంది హెడ్‌సెట్‌తో, మిగతావాళ్ళు ఆఫీసు ల్యాప్‌టాప్‌తో వస్తారు. నేను మాట్లాడేది ఇంట్లో పది బై పది గదిలోంచి, క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌తో. యాప్ ఇంకా తేలలేదు, ఎంగేజ్, ఫ్రేమ్ రెండిటి మధ్య ఊగుతున్నాం. జూమ్‌లో మాట్లాడటం అలవాటే. ఇందులో ఏం మారుతుందో చెప్పండి: స్లైడ్లలో అక్షరం ఎంతుండాలి, నోట్స్ ఎక్కడ పెట్టుకోవాలి, మైకు, నిలబడే చోటు. కొన్ని స్లైడ్లు తెలుగులో ఉన్నాయి.

ఒత్తు_దీర్ఘం

యాప్ సంగతి ఒక్క మాటలో: ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేకపోతే ఫ్రేమ్ పట్టుకోండి, అది బ్రౌజర్‌లో లింకు నొక్కితే తెరుచుకుంటుంది. ఏది ఎంచుకున్నా స్లైడ్లు, బొమ్మలు, త్రీడీ ఫైళ్ళు మీ దగ్గర వేరే దాచుకోండి. ఇలాంటి యాపే ఆల్ట్‌స్పేస్, 2023 మార్చిలో మూతపడింది. మొజిల్లా కూడా హబ్స్ అనే తన వీఆర్ హాళ్ళ సర్వీసుని 2024 మే నెలాఖరుకి ఆపేసింది. అక్కడ కట్టుకున్న హాళ్ళన్నీ జనం హడావుడిగా దించుకోవాల్సొచ్చింది.

ఇక అక్షరం. వీఆర్‌లో "ఎన్ని పాయింట్లు" అన్న ప్రశ్నకి నేరుగా జవాబు లేదు. తెరకి సైజుంది, చూసేవాడికి దూరముంది, రెండూ కలిస్తేనే లెక్క తేలుతుంది. గూగుల్ వాళ్ళు డేడ్రీమ్ (వాళ్ళ పాత వీఆర్) రోజుల్లో దీనికి డీఎంఎం అని ఒక కొలత పెట్టారు: మీటరు దూరంలో ఒక మిల్లీమీటరు ఎంత కనిపిస్తుందో అంత. రెండు మీటర్ల దూరంలో రెండు మిల్లీమీటర్లన్నా అదే ఒక డీఎంఎం. చదవాల్సిన అక్షరానికి 24 డీఎంఎం ఇస్తే కళ్ళు చికిలించక్కర్లేదు.

మీ హాలుకి వేసి చూద్దాం. తెర 3 మీటర్ల వెడల్పు అనుకుంటే, 16:9 కాబట్టి ఎత్తు 1.69 మీటర్లు. పవర్‌పాయింట్ వైడ్ స్లైడు ఎత్తు 540 పాయింట్లు. మనిషి 4 మీటర్ల దూరంలో ఉంటే అక్షరం 96 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే స్లైడులో 31 పాయింట్లు. వెనక వరస 8 మీటర్లలో ఉంటే 61 పాయింట్లు! కాబట్టి అక్షరం పెంచుకుంటూ పోవద్దు, తెరని పెంచండి, కుర్చీలని ముందుకి లాగండి. హాలు ఖాళీగా కనిపిస్తే కనిపించనీండి.

పైది ఇంగ్లీషుకి. తెలుగుకి ఇంకో మూడో వంతు కలపాలి. క్వెస్ట్ 3 మన చూపు కోణంలో ఒక్కో డిగ్రీకి 25 పిక్సెళ్ళ దగ్గర చూపిస్తుంది, మంచి చూపున్న కన్ను 60 దాకా విడదీయగలదు. ధకీ థకీ మధ్య తేడా కడుపులో చుక్క ఒక్కటే, ఆ చుక్క ఈ 25లో కరిగిపోతుంది. పైగా కింద ఒత్తు, పైన గుడి రెండూ ఉన్న అక్షరం వరసకి వరస తగిలేస్తుంది. వరసల మధ్య ఖాళీ ఒకటిన్నర రెట్లు ఉంచండి.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ వద్దు. హెడ్‌సెట్‌లో అది గోడంత ట్యూబులైటు. మీ క్వెస్ట్ 3లో పాన్‌కేక్ రకం లెన్సులు కాబట్టి తక్కువే గానీ, వినేవాళ్ళలో క్వెస్ట్ 2, 3ఎస్ ఉన్నవాళ్ళకి ఫ్రెనెల్ (గుండ్రటి గాడులుండే) లెన్సుల వల్ల తెల్లదనం చుట్టూ చారలు లేస్తాయి. ముదురు బూడిద మీద లేత మీగడ రంగు అక్షరాలు బాగుంటాయి.

సౌండుపెట్టె

స్లైడ్ల గురించి పైన చెప్పేశారు, నేను గొంతు గురించి చెప్తాను. మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

వీఆర్ హాలులో శబ్దం దూరాన్ని బట్టి తగ్గుతుంది. ముందు వరసకి చక్కగా వినిపించి, వెనక వరసకి గుసగుసలా చేరుతుంది, మీకేమో తెలియదు. అందరికీ ఒకే స్థాయిలో వినిపించే స్టేజీ మైకు సెట్టింగు యాప్‌లో ఎక్కడుందో ముందే వెతికి, ఆన్ చేసి, ఒకరిని వెనక మూల నిలబెట్టి పరీక్షించండి.

క్వెస్ట్ స్పీకర్లు చెవి పక్కన తెరిచి ఉంటాయి. గదిలో ఇంకో ల్యాప్‌టాప్ అదే హాలులో లాగిన్ అయి ఉంటే కూత మొదలవుతుంది. క్వెస్ట్ 3కి 3.5 ఎంఎం జాక్ ఉంది, మామూలు వైరు ఇయర్‌ఫోన్లు పెట్టండి. బ్లూటూత్‌వి వద్దు, ఆలస్యం పెరుగుతుంది.

సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. మైకు ముఖం దగ్గర ఉంటుంది, గాలి దాని మీద కొడితే గుయ్యిమంటుంది. చెయ్యెత్తితే చేతిలోని కంట్రోలర్ ఫ్యాన్ రెక్కలకి తగిలే ప్రమాదం సరే సరి. దాని బదులు టేబుల్ ఫ్యాన్ నేల మీద, మీ ముందు, మోకాళ్ళకి గాలి తగిలేలా పెట్టండి. చెమట తగ్గుతుంది, లెన్సుకి ఆవిరి పట్టదు. ఇంకో లాభం: గాలి ఎటు నుంచి వస్తోందో దాన్ని బట్టి మీరెటు తిరిగారో కళ్ళు మూసుకునే చెప్పొచ్చు.

ఇంటర్నెట్‌కి స్పీడు పెద్దగా అక్కర్లేదు, నిలకడ కావాలి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండు, రూటరు అదే గదిలో. రూటరుని యూపీఎస్ మీద పెట్టండి. బెంగళూరులో కరెంటు అర నిమిషం పోయినా రూటరు మళ్ళీ లేచేసరికి రెండు మూడు నిమిషాలు, అప్పటిదాకా మీ అవతార్ (హాలులో మీ బదులు కనిపించే బొమ్మ మనిషి) స్టేజీ మీద బొమ్మలా నిలబడి ఉంటుంది.

గచ్చుమీద_చాప

శరీరం గురించి. అవతార్‌కి మీ ముఖం లేదు. క్వెస్ట్ 3లో కళ్ళ కదలిక పట్టే కెమెరాలు లేవు, పెదాలు మీ గొంతుని బట్టి ఊరికే ఆడతాయి. అంటే జనానికి మీ నుంచి అందేవి మూడే: తల, చేతులు, గొంతు. కళ్ళు పక్కకి తిప్పి చూస్తే ఎవరికీ తెలియదు, గడ్డం తిప్పాలి. ఒక వాక్యం ఎడమవైపు వాళ్ళకి, తర్వాతది కుడివైపు వాళ్ళకి, తల మొత్తం తిప్పి చెప్పండి.

చేతులు నడుము కిందకి జారితే, వెనక్కి పెట్టుకుంటే కెమెరాలకి అందవు. అవతార్ చెయ్యి వంకర తిరుగుతుంది లేదా మాయమవుతుంది. ఛాతీ ఎత్తులో, ఒకదానికొకటి అడ్డం రాకుండా ఉంచండి. గదిలో లైటు వెయ్యండి. కానీ కిటికీ ఎండ లెన్సు మీద పడనివ్వకండి, లోపలి తెర కాలిపోతుంది. హెడ్‌సెట్‌ని బల్ల మీద లెన్సులు కిందకి ఉండేలా పెట్టాలి.

చోటుకి: స్టేషనరీ బౌండరీ చాలు, అంటే ఉన్నచోటే నిలబడేవాళ్ళ చుట్టూ హెడ్‌సెట్ గీసే చిన్న గిరి. కాళ్ళ కింద చిన్న డోర్‌మ్యాట్ వెయ్యండి, చెప్పులు లేకుండా నిలబడండి. పాదానికి గచ్చు చల్లగా తగిలిందంటే మధ్యలోంచి జరిగినట్టే. బౌండరీ దాటితే హాలు పోయి మీ గది కనిపిస్తుంది, మాట తడబడేది అక్కడే. మొదలుపెట్టే ముందు కంట్రోలర్‌ని నేలకి ఆనించి ఫ్లోర్ లెవెల్ సరిచెయ్యండి. లేదంటే మీ అవతార్ మోకాళ్ళ దాకా స్టేజీలో దిగబడుతుంది.

నీళ్ళకి గ్లాసు పనికిరాదు, అంచు హెడ్‌సెట్‌కి కొట్టుకుంటుంది. సిప్పర్ బాటిల్ పెట్టుకోండి. హెడ్‌సెట్ పక్కన రెండుసార్లు తడితే గది కనిపిస్తుంది, తాగి మళ్ళీ రెండుసార్లు తట్టండి. నుదుటి మీదకి ఎత్తి తాగాలని చూడకండి, లోపలి సెన్సరు మీరు తీసేశారనుకుని నిద్రపుచ్చుతుంది.

సర్జాపూర్_చిన్నోడు

నిలబడాల్సిందేనా? బరువు 515 గ్రాములు, 25 నిమిషాలు. కూర్చుంటే మెడకి సుఖం కదా.

గచ్చుమీద_చాప

కూర్చుంటే పొట్ట నొక్కుకుని గొంతు పడిపోతుంది, చేతులు ఒళ్ళోకి జారతాయి, జారితే పైన చెప్పిన మాయమే. బరువుకి మందు పట్టీలో ఉంది: వెనక పట్టీని తల మధ్యలో కాకుండా పుర్రె కింది గుంటలోకి దించి, పక్కవి బిగించి, ఆఖర్న పై పట్టీ లాగండి. చెంపలు ఎర్రబడుతుంటే పై పట్టీ వదులుగా ఉన్నట్టు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు కూర్చోండి, తప్పేం లేదు, చేతుల్లేని కుర్చీ తీసుకోండి.

మారతహళ్ళి_మేడ

అందరికీ థాంక్సండీ. రెండు మిగిలాయి. నోట్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, తెలుగు స్లైడు ఎక్కిస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కకి వచ్చేస్తున్నాయి.

ఒత్తు_దీర్ఘం

ఒత్తులు విడిపోతే తప్పు మీది కాదు. పవర్‌పాయింట్ ఫైలు నేరుగా ఎక్కిస్తే అవతలి సర్వరు తన ఫాంటుతో మళ్ళీ గీస్తుంది, దానికి తెలుగు సరిగ్గా రాదు. మీ కంప్యూటర్లోనే ప్రతి స్లైడునీ 1920 బై 1080 పీఎన్‌జీ బొమ్మగా ఎగుమతి చేసి అవి ఎక్కించండి. పీడీఎఫ్ అయినా పర్లేదు. యానిమేషన్లు పోతాయి కాబట్టి ఒక్కో అడుగునీ ఒక్కో స్లైడుగా విడగొట్టండి. త్రీడీ బొమ్మ ఉంటే జీఎల్‌బీ రకం ఫైలుగా ఎక్కించండి, అది లక్ష త్రిభుజాల (త్రీడీ బొమ్మని కట్టే ముక్కలు) లోపు ఉండాలి. అంతకి మించితే క్వెస్ట్‌లో చూసేవాళ్ళకి దృశ్యం ఆగి ఆగి కదిలి కడుపులో తిప్పుతుంది.

నోట్స్‌కి: జనం వెనక, మీ కంటి ఎత్తులో ఒక బొమ్మ తెర వేలాడదియ్యండి, దాని మీద స్లైడుకి నాలుగు మాటలు. చేతిలో పలక పట్టుకుని చదివితే అవతార్ తల వంచుకుని ఉంటుంది, వినేవాళ్ళకి నడినెత్తి కనిపిస్తుంది. ఆ తెర వాళ్ళు వెనక్కి తిరిగితే కనిపిస్తుంది, కాబట్టి అందులో రహస్యాలు రాయకండి.

సౌండుపెట్టె

రిహార్సల్ గురించి ఒక మాట. వీఆర్ హాలు ఖాళీగా పెట్టుకుని చెయ్యకండి, నలుగురైదుగురిని లోపలికి పిలవండి. 1990ల చివర్లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో మెల్ స్లేటర్ బృందం మనుషుల చేత బొమ్మ ప్రేక్షకుల ముందు మాట్లాడించి చూసింది. ఎదురుగా ఉన్నవి బొమ్మలేనని తెలిసినా, అవి ఆవలిస్తూ, పట్టించుకోకుండా కూర్చుంటే మాట్లాడేవాళ్ళు కంగారుపడ్డారు. మీ ముందు ఉండే 20 మంది ల్యాప్‌టాప్ అవతార్లు కూడా అలాగే బిగుసుకుని ఉంటాయి, వాళ్ళ తల కదలదు. అది విసుగు కాదు, మౌసు కదిలించకపోవడం. ముందే ఒకసారి చూసుంటే ఆ రోజు బెదరరు.

ప్రశ్న అడిగాక మనసులో ఎనిమిది అంకెలు లెక్కపెట్టండి. వాళ్ళు మ్యూట్ తియ్యాలి, ఆ మాట మీ దాకా రావాలి. మూడంకెల దగ్గరే "ఎవరూ లేరా, సరే" అని ముందుకెళ్తే, సరిగ్గా అప్పుడే ఇద్దరు ఒకేసారి మాట్లాడతారు.

బ్యాటరీ నిండా పెడితే రెండు గంటల దాకా వస్తుంది గానీ, టెస్టింగుకే గంట పోతుంది. పవర్ బ్యాంకు జేబులో వేసుకుని, వైరుని వీపు వైపు నుంచి పైకి తెచ్చి పట్టీకి ఒక చుట్టు చుట్టండి. ముందు వైపు వేలాడితే చెయ్యి ఊపినప్పుడల్లా తగులుకుంటుంది.