పోజు ఇచ్చిందా, కొట్టిందా?

అమెరికన్ పాప్ గాయని మడోన్నా పాత క్యాలెండర్ ఒకటి చేతికొచ్చింది. పన్నెండు నెలలు, పన్నెండు వేషాలు. వాటి గురించి నాలుగు ముక్కలు రాస్తూ "తోలు జాకెట్ వేసుకుని పోజు కొట్టింది" అన్నాను. మా అక్క చదివి, "కొట్టింది అంటే వెక్కిరింపురా, ఇచ్చింది అను" అంది. ఇంకో అనుమానం. ఇంగ్లీషులోనూ పోజుకి స్ట్రైక్ అనే వాడతారు కదా, మన 'కొట్టడం' దానికి అనువాదమా? మీరంతా ఏమంటారు?

— కాదనుకుంటానండీ. కన్ను కొట్టడం, చప్పట్లు కొట్టడం మనకి ఉన్నవే. సెల్యూట్ వస్తే దాన్నీ కొట్టాం. డబ్బా, సోది, సుత్తి, సైటు... ఏది దొరికితే అది కొట్టేస్తాం. మిగతాదాంట్లో మీ అక్కగారిదే రైటు. స్టూడియోలో పోజు ఇస్తాం, పెడతాం. అక్కడ కెమెరా ఉండాలి. కొట్టడానికి కెమెరా అక్కర్లేదు, చూసేవాళ్లుంటే చాలు. కొత్త బండి కొన్నవాడు సెంటర్లో చేసేది అదే.

— మా కరీంనగర్ దిక్కు "పోజులు కొడుతున్నడు" అంటే తిట్టే. అదీ ఎక్కువగా బహువచనంలోనే.

— నేను మాత్రం 'కొట్టింది' వైపే. 1986లో 'ట్రూ బ్లూ' ఆల్బమ్ కవర్‌కి హెర్బ్ రిట్స్ తీసిన ఫొటో చూడండి. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ఎదురుగా కెమెరా ఉన్న సంగతే పట్టనట్టు ఉంటుంది. ఎవరో అడిగితే ఇచ్చినట్టుందా అది? 1990 నాటి 'వోగ్' పాట వీడియోలో అయితే, ఫొటోగ్రాఫర్ హోర్స్ట్ 1939లో తీసిన కోర్సెట్ (నడుం బిగించే లోదుస్తు) ఫొటోలో మోడల్ ఎలా కూర్చుందో అలాగే కూర్చుంది. అసలు ఆ పాటలో వేసే 'వోగింగ్' డ్యాన్సు పుట్టింది న్యూయార్క్‌లో, హార్లెమ్ బాల్‌రూముల్లో. నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు ఫ్యాషన్ పత్రికల్లో మోడళ్ల పోజులు పట్టి, వాటితోనే ఒకరి మీద ఒకరు పోటీకి దిగేవాళ్లు. కొట్టడమంటే అదీ!

— భంగిమ అంటే పోలా?

— భంగిమ అనగానే నాకు కూచిపూడి గజ్జెలు వినిపిస్తాయి మాస్టారూ. తోలు జాకెట్‌కి నప్పదు.

— 'ఫోజు' అని రాసేవాళ్లని ఏమనాలి?

— ఏమీ అనకండి. వాళ్లు చాలామందే ఉన్నారు.

సరే, 'కొట్టింది' అనే ఉంచేశాను. ఈ చర్చంతా అక్కకి పంపాను. "ఇక పోజులు కొట్టకు" అని జవాబొచ్చింది.