స్లాలమ్‌లో పోటీదారుల కోచ్‌లే గేట్లు పెట్టడం న్యాయమేనా?

హిమరేఖ:

ఆల్పైన్ స్కీయింగ్‌ను కొత్తగా చూస్తున్నవారి కోసం ముందుగా కొంత వివరం. స్లాలమ్‌లో మంచు వాలు మీద ఎరుపు, నీలం కడ్డీలతో గేట్లు పెడతారు. పోటీదారుడు వాటిలో ఒక్కటీ తప్పకుండా మెలికలు తిరుగుతూ కిందికి దిగాలి. రెండో పరుగుకు గేట్లను మార్చి కొత్త దారి వేస్తారు. రెండు పరుగుల సమయాన్నీ సెకనులో నూరో వంతు వరకు లెక్కగట్టి విజేతను తేలుస్తారు. ఆ దారిలో ఏ మలుపు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది పోటీలో పాల్గొంటున్న దేశాల కోచ్‌లలో ఒకరు. ఎవరి వంతు ఎప్పుడన్నది ముందే ఖరారవుతుంది.

2014 సోచి ఒలింపిక్స్‌లో అతి వేగంగా దిగే డౌన్‌హిల్ పరుగు ఒకటీ స్లాలమ్ పరుగు ఒకటీ కలిపి లెక్కించే సూపర్ కంబైన్డ్ పోటీలోని స్లాలమ్ దారిని క్రొయేషియా కోచ్ ఆంటె కోస్టెలిచ్ వేశారు. ఆ పోటీలో ఆయన కుమారుడు ఇవిత్సా కోస్టెలిచ్‌కు రజతం వచ్చింది. కొద్ది రోజుల తర్వాత పురుషుల స్లాలమ్‌లో రెండో పరుగు దారి వేసే వంతు కూడా ఆయనకే వచ్చింది. అది ఎంత చిక్కుగా ఉందంటే టెడ్ లిగెటీ, ఫెలిక్స్ నాయ్‌రాయ్టర్ వంటి పేరున్న ఆటగాళ్లు కూడా చివరిదాకా రాలేకపోయారు. ఇదే క్రీడలో పోటీదారుగా మొదలై, కోచ్‌గా ఎదిగి, చివరికి నిర్వాహకులుగా స్థిరపడినవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మూడు పాత్రల మధ్య గీత ఎక్కడ గీయాలన్నది నా ప్రశ్న.

వాలుగాలి:

గీత ఇప్పటికే ఉన్నదని నా అభిప్రాయం. స్లాలమ్‌లో సాధారణంగా ఒక మలుపు కడ్డీకీ తర్వాతి మలుపు కడ్డీకీ మధ్య దూరం 6 మీటర్లకు తగ్గకూడదు, 13 మీటర్లకు మించకూడదు. దారిలో ఎన్ని మలుపులు ఉండాలన్నది కూడా వాలు ఎత్తును బట్టి నిబంధనలే చెబుతాయి. గేట్లు పెట్టిన తర్వాత జ్యూరీ వాలు మీదికి వెళ్లి చూస్తుంది, అవసరమనుకుంటే మార్పిస్తుంది. ఆ తర్వాత పోటీదారులందరికీ ఒకే సమయంలో దారిని పరిశీలించే అవకాశం ఇస్తారు, కానీ దాని మీద సాధన చేసే అవకాశం ఎవరికీ ఉండదు, కోచ్ కొడుకుకైనా సరే.

సోచి ఉదాహరణనే తీసుకుందాం. సూపర్ కంబైన్డ్‌లో స్వర్ణం గెలిచింది స్విట్జర్లాండ్‌కు చెందిన సాండ్రో విలెట్టా. తండ్రి వేసిన దారిలో దిగి కూడా ఇవిత్సా 0.34 సెకన్ల తేడాతో వెనకబడ్డాడు. స్లాలమ్‌లో అతనికి పతకమే రాలేదు. ఆస్ట్రియాకు చెందిన మారియో మాట్ 34 ఏళ్ల వయసులో స్వర్ణం గెలిచాడు, నార్వేకు చెందిన 19 ఏళ్ల హెన్రిక్ క్రిస్టోఫర్‌సెన్ కాంస్యం అందుకున్నాడు. ఆంటె కోస్టెలిచ్ ఇలాంటి కఠినమైన దారులు వేస్తారని అప్పటికే అందరికీ తెలుసు. తెలిసిన కష్టానికి సిద్ధపడి రాకపోవడం పోటీదారుల లోపమే అవుతుంది. పైగా ఇవాళ ఒక దేశానికి వచ్చిన వంతు రేపు ఇంకో దేశానికి వస్తుంది కాబట్టి మొత్తం మీద అందరికీ సమానమే.

గేటు పక్కన:

నేను కొలరాడోలో ఉంటాను. మా ప్రాంతంలో జరిగే పిల్లల పోటీలకు పన్నెండు శీతాకాలాలుగా గేటు జడ్జిగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. నాకు అప్పగించిన నాలుగైదు గేట్ల పక్కన నిలబడి, ప్రతి పోటీదారుడి రెండు స్కీల కొనలూ రెండు పాదాలూ గేటు గీతను దాటాయో లేదో చూడాలి. ఎవరైనా తప్పితే వారి నంబరునూ గేటు సంఖ్యనూ కార్డు మీద రాసి, స్కీల జాడ ఎటు పోయిందో చిన్న బొమ్మ గీయాలి. చలికి పెన్నులో సిరా కదలదు కాబట్టి పెన్సిళ్లే వాడతాం.

వాలుగాలి గారు చెప్పిన నిబంధనల్లో అబద్ధమేమీ లేదు. కానీ 6 మీటర్లకూ 13 మీటర్లకూ మధ్య ఎంత స్వేచ్ఛ ఉందో వాలు మీద నిలబడితేనే అర్థమవుతుంది. ఒక కడ్డీని అర మీటరు పక్కకు జరిపినా, దాని కింది మూడు మలుపుల లయ మారిపోతుంది.

నాలుగేళ్ల క్రితం మా అమ్మాయి పాల్గొన్న ఒక పోటీలో గేట్లు పెట్టే వంతు ఆమె కోచ్‌కే వచ్చింది. వాలు నిటారుగా మారే చోట ఆయన మూడు గేట్లను ఒకదాని కింద ఒకటి నిలువుగా పెట్టి, ఆ వెంటనే ఎడమవైపు బాగా దూరంగా ఇంకొక గేటు పెట్టారు. అచ్చంగా అదే అమరికను ఆయన దగ్గర మా పిల్లలు అంతకుముందు రెండు వారాల పాటు సాధన చేశారు. ఎడమవైపు గేటు నా బాధ్యతలోనిదే. ఆ రోజు అక్కడ తప్పిన పదకొండు మందిలో మా క్లబ్బు పిల్ల ఒక్కతే. మా అమ్మాయికి మూడో స్థానం వచ్చింది. ముగింపు గీత దగ్గర వేరే క్లబ్బు అమ్మాయి తండ్రి నా దగ్గరికి వచ్చి, కోపం లేకుండానే, "మీ పిల్లలకు ఇది ముందే అలవాటా?" అని అడిగారు. అవునని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ కోచ్ కావాలని చేశారని నేను అనడం లేదు. ఏళ్ల తరబడి రోజూ గేట్లు పెట్టే మనిషికి చేతికి అలవాటైన లయే వాలు మీదికి దిగుతుంది. అయితే అదే లయను ఆయన శిష్యులు కాళ్లతో నేర్చుకుని ఉంటారు. పెట్టేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. పంక్తి భోజనంలో అది చెల్లుతుంది గానీ, నూరో వంతు సెకను తేడాతో పతకం చేతులు మారే పోటీలో చెల్లకూడదు. ఇవిత్సా 0.34 సెకన్లతో ఓడిపోయాడు కాబట్టి పక్షపాతం లేదనడం కూడా తర్కానికి నిలవదు, ఎందుకంటే ఆ దారిని వేరొకరు వేసి ఉంటే అతను రెండో స్థానంలో నిలిచేవాడో లేదో ఎవరమూ చెప్పలేం. అతని ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. 2011లో ప్రపంచ కప్‌లో అన్ని విభాగాలూ కలిపి సమగ్ర విజేత అతనే. అంతటి ఆటగాడి పతకం పక్కన ఈ ప్రశ్న నిలబడటమే నాకు బాధ కలిగిస్తుంది.

ఇది సాధ్యం కాని సంస్కరణ కాదు. డౌన్‌హిల్ దారులను అంతర్జాతీయ స్కీ సమాఖ్య మనుషులే వేస్తున్నారు. 2001లో డౌన్‌హిల్ ప్రపంచ విజేతగా నిలిచిన హానెస్ ట్రింక్ల్ తర్వాతి కాలంలో సమాఖ్య తరఫున ఆ పని చేశారు. సమాఖ్య మనిషిగా ఆయన ఏ జట్టుకూ కోచ్ కాదు. స్లాలమ్‌కూ అదే పద్ధతి తేవాలి. కనీసం ఒలింపిక్స్‌లోనూ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ తేవాలి.

గుల్‌మర్గ్ రోజులు:

నేను సైన్యంలో పనిచేశాను. స్కీయింగ్ నేర్చుకున్నది గుల్‌మర్గ్‌లో. మంచు అంటే ఏమిటో తెలియని గుంటూరు జిల్లా పల్లె నుంచి వెళ్లినవాణ్ణి. మా పోటీల్లో కడ్డీలు మోసేదీ, మంచులో రంధ్రాలు చేసి వాటిని నాటేదీ, మాకు మెలకువలు చెప్పేదీ, చివర్లో ఫలితాల మీద సంతకం పెట్టేదీ దాదాపు ఒకే ముగ్గురు నలుగురు. గుల్‌మర్గ్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్ (గేట్ల మధ్య దూరం ఎక్కువుండే స్లాలమ్) పూర్తిచేసి 45వ స్థానంలో నిలిచాడంటే, అలాంటి కొద్దిమంది చేతుల మీదుగానే ఈ దేశంలో ఆట బతికింది. కోచ్ గేట్లు పెట్టరాదని నియమం చేస్తే మాలాంటి చోట్ల పోటీయే జరగదు.

క్రొయేషియా కథ కూడా మాకు దగ్గరిదే. హ్యాండ్‌బాల్ ఆడి వచ్చిన ఒక తండ్రి, డబ్బు లేక ఇబ్బందులు పడుతూ ఇద్దరు పిల్లలను వాలుల వెంట తిప్పాడు. కూతురు యానిత్సా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చింది. పెద్ద దేశాలకు ఎందరో కోచ్‌లు ఉంటారు కాబట్టి కొడుకు పోటీలో ఉన్నప్పుడు తండ్రిని పక్కన పెట్టి వేరొక కోచ్‌ను పంపగలవు, చిన్న దేశానికి ఆ వెసులుబాటు లేదు.

గేటు పక్కన గారిని ఒకటి అడగాలి. తమ అమ్మాయి పోటీలో ఉండగా తమరే గేటు జడ్జిగా నిలబడ్డారు కదా, అది మాత్రం న్యాయమెలా అవుతుంది?

గేటు పక్కన:

ఆ ప్రశ్న నన్ను అడగవలసిందే. న్యాయం కాదు. ఆ రోజు మా అమ్మాయి నా గేటు దగ్గరికి వచ్చినప్పుడు ఆమె ఎడమ స్కీ కొన కడ్డీకి ఎంత దగ్గరగా పోయిందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. దాటిందనే నమ్మాను, కార్డు మీద ఏమీ రాయలేదు. వేరే పిల్లయితే కూడా అదే నమ్మేవాణ్ణా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మరుసటి శీతాకాలం నుంచి ఆమె వయోవర్గం పోటీల్లో నిలబడటం మానేశాను.

తమరు చెప్పిన చిన్న చోట్ల కష్టాన్ని ఒప్పుకుంటున్నాను. అందుకే నా అభ్యంతరాన్ని ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల వరకే పరిమితం చేశాను. గుల్‌మర్గ్‌లోనైనా మా ఊరి వాలు మీదనైనా మనుషులు చాలరు. మా నిర్వాహకురాలు ఇప్పటికీ ఏటా డిసెంబరులో ఫోన్ చేసి, బాలికల పోటీకి ఇద్దరు జడ్జిలు తక్కువయ్యారని, రమ్మని అడుగుతారు. పొద్దున బాలుర పోటీకి వస్తానంటాను. మధ్యాహ్నం మా అమ్మాయి దిగే వేళకు కార్డూ పెన్సిలూ ఇంకొకరికి ఇచ్చేసి, తల్లిదండ్రులు నిలబడే కంచె వెనక్కి వెళ్లిపోతాను.