అమ్మ భుజం మూడు ముక్కలైందంటున్నారు: ప్లేటా, జోలె కట్టా, కొత్త కీలా?

కొర్లగుంట వాసి, తిరుపతి
అందరికీ నమస్కారం. గురువారం తెల్లవారుజామున అమ్మ కళ్లాపి చల్లి, ముగ్గు వేయబోతూ జారి కుడి భుజం మీద పడింది. వయసు 71, షుగరు ఉంది. ఎక్స్‌రే, సీటీ రెండూ తీశారు. దండచేయి ఎముక పైభాగం మూడు ముక్కలైందని చెప్పి ఒక డాక్టరు ప్లేటు వేయాల్సిందే అన్నారు. ఇంకొకరు జోలె వేసి వదిలేయమన్నారు. మేనమామ ఏమో పుత్తూరు కట్టుకు తీసుకురమ్మని గంటకోసారి ఫోను చేస్తున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

పీలేరు రైతు
మీ మామ చెప్పిందే నా మాట కూడా. నా ముంజేయి విరిగితే పుత్తూరులోనే కట్టించుకున్నాను. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, అంతే. ఇవాళ అదే చేత్తో గడ్డిమోపు ఎత్తుతున్నాను. కత్తి పెట్టించే ముందు ఒకసారి ఆలోచించండి.

ఫిజియోథెరపిస్టు, చిత్తూరు
రైతు అన్నా, మీ చేయి బాగుపడినందుకు సంతోషం. కానీ ముంజేయి వేరు, భుజం వేరు. ముంజేతికి రెండు వైపులా బద్ద పెట్టి బిగించవచ్చు. భుజం గుండు, అంటే దండచేయి ఎముక పైనున్న గుండ్రటి తల, కండ లోతున కీలులో కూర్చుని ఉంటుంది. ఏ బద్దా దాన్ని పట్టి ఉంచలేదు. పైగా వారాల తరబడి బిగించి ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న భుజాలను సడలించడమే నా రోజువారీ పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తమ్ముడూ, 'మూడు ముక్కలు' అన్న మాట ఏ లెక్కలో అన్నారో ముందు అడగండి. 1970లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ పెట్టిన లెక్క ఒకటుంది. గుండు, పెద్ద గుబ్బ, చిన్న గుబ్బ, కింది కాడ అని నాలుగు భాగాలు. ఒక భాగం సెంటీమీటరు కంటే ఎక్కువ జరిగితేనో, 45 డిగ్రీల కంటే ఎక్కువ తిరిగితేనో దాన్ని వేరే ముక్కగా లెక్కిస్తారు. ఎన్ని పగుళ్లున్నా కదలకపోతే అది ఒక ముక్క కిందే లెక్క. సీటీలో గీతలు చూసి మూడు అన్నారా, జరిగిన దూరం కొలిచి అన్నారా? వైద్యం మొత్తం దీని మీదే మారిపోతుంది.

నిజంగా జరిగిన ఎముకే అయినా కంగారు వద్దు. బ్రిటన్‌లో 32 ఆసుపత్రుల్లో 250 మందిని తీసుకుని సగం మందికి ఆపరేషన్, సగం మందికి జోలె అని చీటీ వేసినట్టు పంచి రెండేళ్లు గమనించారు. 2015లో ఫలితం వచ్చింది. చేయి పనిచేసే తీరులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయిదేళ్లకు చూసినా అంతే.

ఆర్థో పీజీ విద్యార్థి
ఆ పరిశోధన మాకూ పాఠమే. కానీ గుండు కీలు నుంచి ఊడిపోయినవారిని, ఆపరేషన్ తప్పదని సర్జన్ ముందే తేల్చినవారిని అందులో చేర్చుకోలేదు. నాలుగు ముక్కలైనవారూ తక్కువే. కాబట్టి 'ఎవరికీ ఆపరేషన్ వద్దు' అని దాన్ని చదవకూడదు.

అసలు చూడాల్సింది గుండుకు రక్తం అందుతుందా లేదా అన్నది. గుండుకు అంటుకుని కింది వైపు లోపలి ఎముక అంచు 8 మిల్లీమీటర్లయినా మిగలకపోతే, ఆ అంచు దగ్గర ఎముక 2 మిల్లీమీటర్లకు మించి జరిగితే, రక్తం ఆగిందేమోనని మాకు భయం. అలాంటి గుండుకు ప్లేటు వేస్తే తర్వాత అది కుంగి, స్క్రూల మొనలు కీలులోకి పొడుచుకురావచ్చు.

మదనపల్లె ఆడపడుచు
ఆ మొనలు నేను చూశాను. మా నాన్నకు 68 ఏళ్లప్పుడు ప్లేటు వేశారు. ఎనిమిది నెలలకు మళ్లీ నొప్పి. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే రెండు స్క్రూలు గుండు దాటి బయటికి వచ్చి ఉన్నాయి, పిన్నీసు గుడ్డలోంచి దూసుకొచ్చినట్టు. చేయి కదిపినప్పుడల్లా లోపల గీసుకుంటున్నట్టుందని అనేవారు. రెండో ఆపరేషన్‌లో ప్లేటు తీసేశారు. ఎముక గుల్లబారిందని మొదటిసారి ఎవరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. తమ్ముడూ, ప్లేటు అంటే ఎముక బలం ఎంతుందో అడగకుండా ఒప్పుకోవద్దు.

ఆర్థో పీజీ విద్యార్థి
అందుకే 70 దాటినవారికి రివర్స్ కీలు, అంటే తిరగేసి అమర్చే కృత్రిమ కీలు, వైపు మొగ్గు పెరిగింది. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోంట్ 1980లలో తెచ్చిన ఆలోచన అది. మామూలుగా చేతి వైపుండే గుండును రెక్క ఎముక వైపు, దాన్ని పట్టే గిన్నెను చేతి వైపు పెడతారు. కీలు చుట్టూ ఉండే స్నాయువులు పాడైనా పైనున్న డెల్టాయిడ్ కండ చేతిని లేపుతుంది. నార్వేలో 65 నుంచి 85 ఏళ్లవారి మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో రెండేళ్లకు ఇదే ప్లేటు కంటే మెరుగని తేలింది.

ఫిజియోథెరపిస్టు, చిత్తూరు
నిజమే, కానీ నార్వేవారు పోల్చింది ప్లేటుతో, జోలెతో కాదు. కీలు మార్చాక చీము పడితే, షుగరున్న మనిషికి ఆ కష్టం మామూలుది కాదు. గుండు కీలులోనే ఉండి, ముక్కలు మరీ జరగకపోతే నేను జోలెకే ఓటు వేస్తాను. కాకపోతే 'జోలె వేసి వదిలేయడం' అన్న మాటే తప్పు. నొప్పి కాస్త తగ్గగానే, డాక్టరు సరేనన్న రోజు నుంచి, ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపించాలి. మోచేయి, వేళ్లు మొదటి రోజు నుంచే కదపాలి. వదిలేస్తే ఏ వైద్యమైనా వృథా.

ఇప్పుడే ఒక పని చేయండి. భుజం బయటి వైపు చర్మాన్ని వేలితో తాకి, స్పర్శ తెలుస్తోందా అని అడగండి. తెలియకపోతే నరం దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు ఈ చర్చ పక్కన పెట్టి ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

కొర్లగుంట వాసి, తిరుపతి
తాకి చూశాను, స్పర్శ తెలుస్తోంది. డాక్టరుకు ఫోను చేశాను. పెద్ద గుబ్బ ఒక్కటే జరిగిందట, అదీ ఆరేడు మిల్లీమీటర్లు. గుండు కీలులోనే ఉందట. మీ లెక్కలో అది జరిగిన ముక్క కూడా కాదు కదా! సోమవారం మళ్లీ ఎక్స్‌రే తీసి, ఇంకా జరగకపోతే జోలెతోనే చూద్దామన్నారు. ఎముక గట్టిదనం పరీక్ష కూడా రాయించాను.

అమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. 'జడ వేసుకోగలనా?' అని ఒక్కటే అడిగింది. ఆ ప్రశ్న కాగితం మీద రాసుకున్నాను, సోమవారం డాక్టరును మొదట అదే అడుగుతాను. ఈ లోపల వెనకాల కూర్చుని జడ నేనే అల్లుతున్నాను. మామను కూడా సోమవారం మాతో రమ్మన్నాను.