అప్‌డేట్: మిద్దె మీద కాసిన చేదు సొరకాయ సంగతి

గుంటూరులో మా మిద్దె తోట సొరకాయ చేదుగా ఉన్నా పాలు పోసి వండితే, తిన్న నాకూ అత్తయ్యకూ వాంతులు, విరేచనాలు అయ్యాయని పోయిన వారం అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. వెంటనే ఆసుపత్రికి వెళ్లమన్న మాటే పనికొచ్చింది. బీపీ పడిపోయిందని అత్తయ్యకు సెలైన్ ఎక్కించి ఒక రాత్రి ఉంచారు. ఇప్పుడు ఇద్దరం బాగున్నాం.

డాక్టర్ చెప్పింది: కాయలో పుట్టే కుకుర్బిటాసిన్ అనే చేదు విషం. విరుగుడు మందు లేదు, ఉడికించినా పోదు. అంటే నా పాలు దండగే! పురుగుమందు, ట్యాంకు నీళ్లు అని నేను పడ్డ టెన్షన్‌కు సంబంధమే లేదు. పడి మొలిచిన పాదుల్లో ఇలా చేదు రావచ్చట. మాదీ అలా మొలిచిందే, పీకేశాను. ఇప్పుడు కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూస్తున్నా. చేదైతే ఉమ్మేసి, కాయ పారేయడమే. అత్తయ్య మాత్రం సొరకాయ పేరెత్తితే లేచి వెళ్లిపోతున్నారు.